బాబాయి కారుకు ఇత్తడి బుష్షులు

ఆ రోజుల్లో మా వైపు ఒక వస్తువు మంచిదో కాదో తేల్చడానికి ఎవరూ పరికరాలు వెతుక్కునేవారు కాదు. చెయ్యి, ముక్కు, పళ్లు, చెవి ఉంటే చాలు. నందిగామలో ఎడ్లు కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూసేవాడు, తోక పట్టుకుని ఒకసారి లాగేవాడు. పత్తి కొనేవాడు చిటికెడు దూది తీసి వేళ్ల మధ్య సాగదీసి, బాగున్నా బాగాలేకపోయినా పెదవి విరిచేవాడు. కుండ కొనే ఇల్లాలు వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది. 'నాకు తెలియదు' అన్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు. అంతమంది తెలిసినవాళ్ల మధ్యకు, గుంటూరులో బి.యస్సీ. చదివి, ఫిజిక్సులో ప్యాసై, 'కొలిచి చూడాలి' అనే ఒక్క మాట నేర్చుకుని నేను తిరిగి వచ్చాను. ఆ మాట వల్ల నాకు మంచి జరిగిందో చెడు జరిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. దాన్ని కొలిచే పరికరం ఏ ప్రయోగశాలలోనూ కనిపించలేదు.

మా నాన్నగారి తమ్ముడు, మా బాబాయి, మంచి వ్యవసాయదారుడు. మిరప తోట ఆయన చేతిలో పడితే ఆకుముడత కూడా భయపడుతుందని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి కారు పిచ్చి పట్టింది. జాగీర్లు పోయిన తరవాత హైదరాబాదులో ఒక నవాబుగారి దేవిడీలో దుమ్ము కొట్టుకుని పడివున్న సీమ కారును చూసి వచ్చిన రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. చివరికి దాన్ని లారీ వెనకాల తాడు కట్టి జగ్గయ్యపేట మీదుగా నందిగామ తీసుకొచ్చాడు. పొడుగాటి ముక్కు, పైన టాపు లేదు, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు కూర్చునే సీట్లు ఏనుగు అంబారీ అంత ఎత్తు. పిల్లలు దానికి 'మొసలి' అని పేరు పెట్టారు. మా నానమ్మ దిష్టి తీసి, గుమ్మడికాయ కొట్టి, "దీని నోట్లో ఎవరి చెయ్యీ పడకుండా చూడు తల్లీ" అని దండం పెట్టింది.

ఆ కారులో అసలు గొప్పంతా ఇంజను పక్కన బిగించిన ఒక ఇనుప పెట్టెది. సూపర్ చార్జరు అంటారని బాబాయి ఊరంతా చెప్పాడు గానీ, ఊరంతా కలిసి దాన్ని 'గాలిపెట్టె' చేసేసింది. పేరు తప్పేమీ కాదు. మామూలు కారు ఇంజను తనకు కావలసినంత గాలి పీల్చుకుంటుంది. ఈ పెట్టె గాలిని బలవంతంగా దాని గొంతులోకి కుక్కుతుంది. అందుకే ఆ వేగం. పెట్టెలో నడుము సన్నగా, చివరలు లావుగా, బుడబుక్కలవాడి డమరుకం పోలికలో ఉండే రెండు ఇనుప రెక్కలు పక్కపక్కన గిర్రున తిరుగుతాయి. వాటి మధ్య సందు వెంట్రుకంత. ఎంత దగ్గరగా తిరిగినా ఒకదాన్నొకటి ముట్టకూడదు (మా ఇంట్లో అమ్మా, పిన్నీ ఒకే వంటింట్లో తిరిగినట్టు). ఆ రెక్కల ఇరుసులను పట్టుకుని ఉండేవి నాలుగు ఇత్తడి ఉంగరాలు. వాటిని బుష్షులు అంటారు. బుష్షు అరిగితే ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే రెక్కలు తాకుతాయి, తాకితే ఇక అంతే.

వచ్చిన కొత్తల్లో కారు సన్నాయి పాడుకుంటూ పోయేది. ఒక వేసవి మధ్యాహ్నం ఊరి పొలిమేరలో ఆ సన్నాయి ఒక్కసారిగా కీచుమని అరిచి ఆగిపోయింది. బుష్షులు అరిగిపోయాయి, అదృష్టం కొద్దీ రెక్కలు తాకలేదు. కొత్తవి తెప్పిద్దామంటే ఆ కంపెనీ యుద్ధంలోనే మూతపడిందట. ఉన్న దారి ఒక్కటే, కొత్తగా చేయించుకోవడం. బాబాయి ఒకసారి చేయించాడు, అవి ఊరు దాటలేదు. రెండోసారి చేయించాడు, అవి గుమ్మం దాటలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను వాల్తేరు వెళ్లి ఎమ్మెస్సీ చదువుతానని ఇంట్లో అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె నా వైపు నిలబడే పద్ధతి. నాన్నగారు మాత్రం వరండాలో పడక కుర్చీలో కూర్చుని చాలాసేపు చుట్ట కాల్చి, "ఆ చదువు దేనికి పనికొస్తదమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను చెప్పిన జవాబు నాకే సరిగ్గా వినిపించలేదు. అప్పుడు బాబాయి అడ్డం పడ్డాడు.

"అన్నయ్యా, ఈసారి బుష్షులు అమ్మాయి చేత చూపిస్తా. అది చదివిందే అది గదా! సన్నం లావూ కొలవటం."

నాన్నగారు నన్నూ, బాబాయినీ, కొట్టంలో ముసుగు వేసుకుని ఉన్న మొసలినీ మార్చి మార్చి చూశారు. "సరే. నువ్వే చూసి చేయించు. ఆ కారు మునేరు కాడ కీసర దాకా పోయి మళ్లీ ఇంటికొస్తే, నీది పనికొచ్చే చదువే. వాల్తేరు పంపిస్తా. మధ్యలో ఆగిందంటే కారు కొట్టంలోకి, నువ్వు ఇంట్లోకి. మళ్లీ ఆ ఊసెత్తగూడదు. ఏం?"

"సరే నాన్నగారూ" అన్నాను. మా నాన్నగారి మాటకు మా ఊళ్లో రిజిస్ట్రీ అక్కర్లేదు. అందువల్ల నాకు సంతోషమూ, భయమూ ఒకే పరిమాణంలో కలిగాయి.

లేతు మిషను ఉన్న మేస్త్రి జగ్గయ్యపేటలో ఉండేవాడు. చేయి తిరిగినవాడని, నోరు అంతకన్నా తిరిగినదని పేరు. రైసు మిల్లుల పనంతా ఆయనదే. ముందే చెప్పి పంపిన బుష్షులు తయారయ్యాయని కబురొస్తే, ఇరుసులు పట్టుకుని బాబాయీ నేనూ బస్సులో వెళ్లాం. లేతు షాపులోకి ఒక ఆడపిల్ల అడుగు పెట్టడం ఆ బజారు అదివరకు చూడలేదు కాబోలు, ఎదురుగా ఉన్న టీ కొట్టు మొత్తం లేచి నిలబడింది. మేస్త్రి నాకొక స్టూలు తుడిచి వేసి, బాబాయితో, "అమ్మాయిగారు కాస్త దూరంగా కూర్చుంటే మంచిదండి. ఇత్తడి రజను ఎగురుద్ది" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదయ్యా, నీ పని చూడ్డానికి వచ్చింది" అన్నాడు బాబాయి గర్వంగా.

మేస్త్రి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, దాని లోపలి నుంచి ఎవరో దీపం తీసేసినట్టయింది. "నా పనా? చూడమనండి. పాతికేళ్లబట్టి మిల్లులోళ్లు కళ్లు మూసుకుని తీసుకుపోతన్నారు. ఇవాళ కళ్లు తెరుచుకుని చూసేవాళ్లొచ్చారు. మంచిదే."

వెంట తెచ్చుకున్న స్క్రూగేజితో ఇరుసులు కొలిచాను. సరిగ్గా ఉన్నాయి. బుష్షు లోపలి రంధ్రం కొలవడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఇరుసుకూ బుష్షుకూ మధ్య సందు ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? కాలేజీలో మేము చేసిన ప్రయోగం ఒకటి గుర్తొచ్చింది. పొడుగాటి గాజు జాడీలో ఆముదం పోసి చిన్న ఇనుప గోళీ వదిలేవాళ్లం. గోళీ పడదు, దిగుతుంది. ఆముదం దాన్ని పట్టుకుని పట్టుకుని వదులుతుంది. బుష్షూ ఇరుసూ కూడా అంతే కదా, సందు సన్నమైతే నూనె పట్టుకుంటుంది, పెద్దదైతే వదిలేస్తుంది అనిపించింది. "కాస్త ఆముదం ఉందా అండీ?" అని అడిగాను.

మేస్త్రి బాబాయి వైపు చూశాడు. "ఎవరికండీ, కడుపులో బాగాలేదా?"

టీ కొట్టు పగలబడి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆముదం వచ్చాక, ఇరుసును నిలువుగా పట్టుకుని, నూనె రాసి, పైనుంచి మొదటి బుష్షు వదిలాను. అది తేనె జారినట్టు, తొందర లేకుండా, చుట్టూరా సమంగా కిందికి దిగింది. రెండోదీ అంతే. మూడోది సగం దూరం నింపాదిగా దిగి, తరవాత జారిపోయి కింద టక్కుమంది.

"ఇది ఒక పక్క వదులుగా ఉందండి" అన్నాను.

"నా చేతిలో వదులు రాదు."

"మీరే వదిలి చూడండి."

మేస్త్రి ఇరుసు లాక్కున్నాడు. వదిలాడు. టక్. తిరగేసి వదిలాడు. టక్. కాసేపు బుష్షు వైపు, అది ఎవరో పరాయి మేస్త్రి చేసినదన్నట్టు చూశాడు. తరవాత దాన్ని తుక్కు డబ్బాలోకి విసిరేసి, "టీ తాగి కూర్చోండి అమ్మాయిగారూ. అర గంటలో ఇంకోటి తీస్తా" అన్నాడు. ఆ కొత్తదీ, నాలుగోదీ కూడా నింపాదిగానే దిగాయి. మేము బస్సెక్కబోతుంటే ఆయన నాలుగు బుష్షులూ నూనెగుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చాడు, బాబాయికి ఇవ్వలేదు. ఆ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకు నందిగామ దాకా వాల్తేరు సముద్రమే వినపడింది (అప్పటికి నేను సముద్రం చూడలేదు, అందువల్ల ఎలాగైనా వినగలిగేదాన్ని).

కారు తీయడానికి ముహూర్తం మర్నాటికి ఉంది. అది దాటితే మూఢం వస్తుందని, మూఢంలో కొత్త పనేదీ మొదలుపెట్టకూడదని పెద్దలు తేల్చారు. నేను బుష్షుల మూట నానమ్మ చేతిలో పెట్టి, "దేవుడి దగ్గర పెట్టవే, రేపు బిగిస్తారు" అన్నాను. నా వాల్తేరు సంగతి ఇంట్లో నానమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె అక్షరం ముక్క రాని మనిషి. "నువ్వు పో. చదువుకో. నే పోయినప్పుడు రావటానికి రైలుంది గదా" అని చెప్పిన మనిషి. నా కోసం నాకు చెప్పకుండా ముడుపు కట్టిన మనిషి. ఆమె మూట విప్పి చూస్తే ఏముంది? ఇత్తడివే, కానీ నల్లగా, జిడ్డుగా, ఎవరెవరి చేతులో పడి వచ్చినవి. అలాంటివి దేవుడి ముందు పెడితే పని ఎలా అవుతుంది? మా ఇంట్లో ఇత్తడి వస్తువంటూ ఏదైనా దేవుడి గదిలోకి వెళ్లాలంటే ముందు చింతపండుకూ, ఇటిక పొడికీ సమాధానం చెప్పుకోవాల్సిందే. నానమ్మ బావి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. బయటంతా తోమింది. అంతటితో తృప్తి పడే మనిషి కాదు గనక, వేలికి కొబ్బరి పీచు చుట్టి, లోపలి వైపు కూడా, చేయి నొప్పి పుట్టేదాకా తోమింది. కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి ముందు వరసగా పెట్టింది. నేను స్నానం చేసి వచ్చి దండం పెట్టుకుంటే అవి బంగారు కడియాల్లా మెరుస్తున్నాయి. దీపం వెలుగు అనుకున్నాను.

మర్నాడు పొద్దున వరండా నిండింది. పేట నుంచి మేస్త్రి వచ్చాడు. నాన్నగారి స్నేహితుడు, మేమంతా 'మిరపకాయల మావయ్య' అనే దళారీ వచ్చాడు. నందిగామ యార్డులో ఆయన గుప్పెడు కాయ తీసి గలగలలాడించి, ఒకటి విరిచి వాసన చూసి రకం చెబితే అదే రకం. అమ్మేవాడూ, కొనేవాడూ ఇద్దరూ ఒప్పుకునేవారు. నాన్నగారు ఆయన చేత చెప్పించకుండా వియ్యం కూడా అందలేదు. బుష్షులు పళ్లెంలో పెట్టి నానమ్మ తెచ్చింది. పెళ్లిచూపుల్లో పిల్లను తెచ్చినట్టే ఉంది.

మావయ్య ఒకటి తీసుకున్నాడు. ఎండలో తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. వాసన చూశాడు (నిజంగా చూశాడు). అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "ఒకటో రకం. కళ చూడు బావా, నిగనిగలాడతంది! ఇది కీసర ఏంది, కాశీ దాకా పోద్ది" అన్నాడు.

నాన్నగారు నవ్వారు. ఆ వేసవిలో ఆయన నా విషయంలో నవ్వడం అదే మొదలు. "ఏమ్మా? నువ్వూ ఒక మాట చెప్పు, బిగిస్తారు" అన్నారు.

నేను మర్యాద కోసం మాత్రమే ఇరుసుకు ఆముదం రాసి బుష్షు వదిలాను. టక్. రెండోది వదిలాను. టక్. నాలుగూ అంతే, ఒకదాని తరవాత ఒకటి, తలుపు గడియ వేసినట్టు. చూపుడు వేలు లోపల పెట్టి తిప్పాను. సన్నగా గరగరమంది. వేలు తీసి చూస్తే కొసన ఎర్రటి పొడి. ఆ రంగు మా బావి గట్టు దగ్గర తప్ప ఎక్కడా ఉండదు.

నానమ్మ స్తంభాన్ని ఆనుకుని నా వైపే చూస్తోంది. ఆ చూపులో ఎంత ఆశ ఉందంటే, నేను వేలు చీరకు తుడుచుకున్నాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మావయ్య సరేనన్నాడు, నాన్నగారు నవ్వారు, కారు ఎలాగో కీసర వెళ్లి రావచ్చు కూడా. కానీ ఇంతలో నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. "ఇవి పనికిరావు నాన్నగారూ."

మేస్త్రి ఎగిరి లేచాడు. "నిన్న మీరే గదండీ బాగున్నాయంది! ఆముదం పోసి మరీ అన్నారు!"

"నిన్న బాగున్నాయండి. ఇవాళ బాగాలేవు."

"ఒక్క రాత్రిలో చెడిపోడానికి ఇయ్యేమన్నా పాలా అమ్మా?" అన్నాడు మావయ్య.

మేస్త్రి బుష్షు లాక్కుని లోపల వేలు పెట్టాడు. ఆయన మొహం మారిపోయింది. "ఎవరండీ దీన్ని తోమింది?"

"నేనే నాయనా!" అంది నానమ్మ సంబరంగా. "ఎట్టా ఇచ్చావయ్యా అంత నల్లగా? లోపలంతా మసి. ఇప్పుడు చూడు ఎట్టుందో!"

మేస్త్రి పళ్లెంలో బుష్షును చాలా మెల్లగా, నిద్రపోతున్నదాన్ని పడుకోబెట్టినట్టు పెట్టాడు. "పెద్దమ్మగారూ, అది గిన్నె కాదమ్మా" అన్నాడు. నాన్నగారితో మాత్రం, "ఇటిక పొడి ఇత్తడిలో దిగిపోయిందండి. కిరసనాయిలు పెట్టి కడిగినా పోదు. ఇరుసును తినేస్తది. వారం టైమివ్వండి, మళ్లీ తీసిస్తా" అన్నాడు.

"వారమాగితే మూఢం" అన్నాడు మావయ్య. ఆయనకు కోపం వచ్చింది. అంత కాలంగా ఆయన రకం చెప్పాక కాదన్నవాళ్లు లేరు. "తోమితే అరిగిపోతయ్యా? మా ఇంట్లో బిందెలు మా తాత నాటివి. ఇంకా నీళ్లు కారటంలా! బావా, పిల్లకి భయం పట్టుకుంది, అంతే. పరీక్ష దగ్గరకొచ్చేసరికి అందరికీ ఉండేదే."

నాన్నగారు చుట్ట పక్కన పెట్టి, "బిగించండి" అన్నారు.

అప్పుడు మొదలైంది నా అవస్థ. కారు కీసర వెళ్లి వస్తే నేను వాల్తేరు వెళతాను, కానీ నేను చెప్పింది తప్పని తేలుతుంది. మధ్యలో ఆగితే నేను చెప్పింది నిజమని తేలుతుంది, కానీ ఇంట్లో ఉండిపోతాను. దేవుడికి ఏమని దండం పెట్టుకోవాలో తెలియక, ఆ రోజు దేవుడి గదిలో నిలబడి, "నీ ఇష్టం" అని చెప్పి వచ్చేశాను. బాధ్యత ఆయన మీదికి తోసేశాను గానీ ఆయన దాన్ని తిరిగి నాకే పంపించాడు.

ఎండ తగ్గాక బయల్దేరాం. ముందు బాబాయీ, మేస్త్రీ. వెనక నాన్నగారూ, నేనూ. నానమ్మ ఎదురు వచ్చింది. కారు బజారు దాటి, రోడ్డెక్కి, సన్నాయి అందుకుంది. గాలికి నా జడ నాన్నగారి మొహాన కొడుతుంటే ఆయన దాన్ని పక్కకి తోసుకుంటూ, ఏమీ ఎరగనట్టు, "బానే పోతందే!" అన్నారు. బాగానే పోతోంది. చింతచెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి. నేను గెలుస్తున్నానో ఓడుతున్నానో తెలియలేదు. ఐతవరం దాటాక సన్నాయి శ్రుతిలో ఇసుక పడింది. మొదట నాకు మాత్రమే వినపడిందనుకున్నాను. ముందు సీట్లో మేస్త్రి మెడ కాస్త పక్కకి వంగింది. ఇద్దరం విన్నాం, ఇద్దరం మాట్లాడలేదు. ఆయనది అభిమానం. నాది వాల్తేరు.

గరగర పెరిగింది. నాలుగు బుష్షులు పోతే మళ్లీ చేయించవచ్చు. రెక్కలు పోతే ఈ దేశంలో చేసేవాళ్లు లేరు. మిరప తోటకు నీళ్లు పెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, ప్రతి సాయంత్రం ఆ కారు ముక్కు తుడిచే మనిషి నా ముందు కూర్చుని ఈల వేస్తున్నాడు.

"బాబాయ్, ఆపు."

"ఏందీ?"

"కారు ఆపు. రెక్కలు తాకబోతున్నాయి."

"కీసర కనపడతందే అమ్మాయ్! అదుగో మునేరు! వంతెన దాకా పోయి తిప్పుకొచ్చేద్దాం, నీ పనీ అయిపోద్ది!"

"నా పని సంగతి వదిలెయ్. ఆపు బాబాయ్."

నాన్నగారు నా వైపు తిరిగారు. "ఆగితే ఏందో తెలుసుగా నీకు?"

"తెలుసు."

"తెలిసే ఆపమంటన్నావా?"

"ఆపమనండి నాన్నగారూ." ఏడుపు రాకుండా ఉండడానికి ముందు సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆయన చేయి చాపి తమ్ముడి భుజం తట్టారు. "ఆపరా."

మేస్త్రి అక్కడే చింతచెట్టు కింద గాలిపెట్టె విప్పాడు. ఇరుసుల మీద గోళ్లతో రక్కినట్టు గీతలు. ఒక రెక్క అంచున, రెండోది అప్పుడే తాకీ తాకనిచోట, సన్నని కొత్త మెరుపు. "ఇంకో ఫర్లాంగు పోయుంటే గోతాం తెచ్చుకుని ముక్కలు ఏరుకునేవాళ్లం" అన్నాడు మేస్త్రి. బాబాయి ఆ రెక్క మీద చేయి వేసి, జ్వరం చూసినట్టు చూశాడు. (ఇప్పుడు మా చంటిదానికి నుదురు కాస్త వెచ్చగా తగిలితే నేనూ అలాగే చూస్తున్నాను. థర్మామీటరు పక్కనే ఉంటుంది, అయినా చెయ్యే ముందు పోతుంది. మావారు ఫిజిక్సు ఏమైందంటారు.)

చీకటి పడకముందే ఒక రైతు జత ఎడ్లతో అటుగా వస్తే, తాడు కట్టి కారును ఇంటిదారి పట్టించాం. నలుగురమూ కారులోనే కూర్చున్నాం. బాబాయి చాలా గంభీరంగా స్టీరింగు పట్టుకున్నాడు. రైతు ఎడ్ల పక్కన నడుస్తూ, మర్యాదగా, "బాబుగారూ, ఇది ఎన్ని గుర్రాల బండి అంటారండీ?" అని అడిగాడు.

"నూటికి పైనే" అన్నాడు బాబాయి, అబద్ధమాడడం చేతకాక.

"అట్టాగా! నాయి రెండే ఎడ్లండి. కాస్త నిదానంగా పోతయ్యి. ఏమనుకోబాకండి."

మేస్త్రి దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి భుజాలు కదిలాయి. చివరికి నాన్నగారే బయటికి నవ్వేశారు. ఆ నవ్వు అయిపోయాక ఆయన, "ఆ ఆముదం సంగతేందో చెప్పు" అన్నారు. నేను జాడీ గురించి, గోళీ గురించి, నూనె ఎందుకు పట్టుకుని వదులుతుందో, సందు పెరిగితే పట్టు ఎందుకు పోతుందో చెప్పాను. ఎడ్లు నిదానంగా నడిచాయి గనక అంతా చెప్పగలిగాను. ఆయన ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. మూడేళ్లు నన్ను చదివించారు గానీ, ఏం చదివానో ఆయన విన్నది ఆ రోజే. ఇంటి ముందు దిగాక, చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా, "కీసర చేరలేదమ్మా" అన్నారు.

"లేదు నాన్నగారూ" అన్నాను.

అంతే. ఆయన మాట తప్పలేదు. నేనూ అడగలేదు. నానమ్మ ఆ పూట అన్నం ముట్టకుండా వచ్చి నా పక్కన కూర్చుని, "నా వల్లేనటే?" అని అడిగింది. "కాదు నానమ్మా. ఇత్తడి మంచిది కాదు" అన్నాను. ఆమె నమ్మి, మేస్త్రిని కాసేపు తిట్టుకుని అన్నం తింది. మేస్త్రికి ఈ విషయం చెప్పాను. "పోనీలెండి అమ్మాయిగారూ, నన్ను తిట్టుకోమనండి" అన్నాడు.

మూఢం వెళ్లింది. జూలై కూడా వెళ్లింది. వాల్తేరులో క్లాసులు మొదలయ్యాయని నాతో చదివినవాళ్ల ద్వారా తెలిసింది. మేస్త్రి కొత్త బుష్షులు, కొత్త ఇరుసులు చేసి, ఈసారి ఎవరికీ ఇవ్వకుండా, ఆముదం డబ్బాలో ముంచి తనే పట్టుకొచ్చాడు. వరండాలో ఇరుసు నిలబెట్టి, "వదలండి" అని నా చేతికి ఇచ్చాడు. నాలుగూ తేనె జారినట్టు దిగాయి. అందరూ కిందికి వంగి చూశారు. మిరపకాయల మావయ్య కూడా వంగాడు. నానమ్మ మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గడప అవతలే నిలబడింది.

ఆ సాయంత్రం కారు ఐతవరం దాటింది. నేను వెనక సీట్లో ముందుకు వంగి, తప్పు శబ్దం కోసం వింటున్నాను. లేదు. సన్నాయి నిండుగా, నున్నగా సాగింది. మునేరు వంతెన మీద బాబాయి హారను మోగించాడు. కీసర వెనక్కి వెళ్లిపోయింది, కంచికచర్ల వచ్చింది, అయినా శ్రుతి తప్పలేదు. నేను చప్పట్లు కొట్టాను, గట్టిగా నవ్వాను, మేస్త్రి భుజం మీద కొట్టబోయి ఆపుకున్నాను. కారు వెనక్కి తిరిగి మళ్లీ వంతెన ఎక్కినప్పుడు పక్కన నాన్నగారు నవ్వకుండా నన్నే చూస్తుండడం గమనించాను. ఎందుకలా చూస్తున్నారో ముందు అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కీసర అంటే ఏమిటో, దాన్ని దాటి రావడం అంటే ఏమిటో. అంతసేపూ నేను వాల్తేరు మరిచిపోయాను.

"వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు నాన్నగారు, గాలిలో, వినపడీ వినపడనట్టు.

వచ్చే ఏడు నాకు పెళ్లయింది. ఆ తరవాతి సంవత్సరాలకు వాటి పనులు వాటికి ఉన్నాయి. నేను వాల్తేరు చూడనే లేదు. ఆ సంగతి తలచుకుంటే ఒక్కోసారి గుండెలో ఏదో గరగరమంటుంది, అబద్ధం ఎందుకు? కానీ ఆ వంతెన మీద జడ ఊడిపోయి, చేతులకు ఆముదం అంటుకుని, తను పోగొట్టుకున్నదేమిటో కూడా మరిచిపోయి, ఒక ఇనుప పెట్టె సరిగ్గా పాడుతోందని పొంగిపోతున్న ఆ పిల్ల కనిపిస్తే మాత్రం కోపం రాదు. ఇంకాసేపు అలాగే ఉండనీ, ఇప్పుడే ఏమీ గుర్తు చెయ్యకండి నాన్నగారూ, అనాలనిపిస్తుంది.